హోమ్‌మేడ్ డాగ్ బిస్కెట్లు కొంటున్నారా? అందులో ఏ పీనట్ బటర్ వేశారో ముందు అడగండి

రాజోలు, మలికిపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల కుక్కల్ని పెంచుకునేవాళ్లందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. "ఇంట్లో చేసినవి, పంచదార లేదు, మైదా లేదు" అంటూ వాట్సాప్ స్టేటస్‌లో అమ్ముతున్న పీనట్ బటర్ డాగ్ బిస్కెట్లు మీ ఇంట్లో ఉంటే ఈ క్షణమే పెట్టడం ఆపేయండి. వాటివల్ల మా చిన్ని ప్రాణాల మీదకి వచ్చింది.

చిన్ని పమేరియన్, ఆరు కిలోలుంటుంది. సంక్రాంతికి ఇంట్లో అందరికీ పిండివంటలు ఉంటాయి కదా, దానికీ ఏదైనా ప్రత్యేకంగా ఉండాలని ఆ ప్యాకెట్ తెప్పించాం. ఎముక ఆకారంలో కోసి, అంచులు ఎర్రగా కాల్చి, మూత తీస్తే వేయించిన వేరుశనగ గుండ్ల వాసన. చూడ్డానికి ఏ వంకా లేదు. చిన్ని ఇష్టంగా తినేసింది. అరగంట అయిందో లేదో కక్కుకుంది. తర్వాత నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లబోతే వెనక కాళ్లు చెరో పక్కకీ జారిపోయాయి. పేరు పెట్టి పిలిస్తే చెవి కదులుతోంది గానీ తల లేవడం లేదు. కార్లో వేసుకుని పాలకొల్లు బయల్దేరితే చించినాడ వంతెన మీద ఉండగానే ఫిట్స్ మొదలయ్యాయి. మా అమ్మాయి ఏడుపు ఆపడం మా వల్ల కాలేదు.

డాక్టరుగారు చూడగానే అడిగిన మొదటి మాట, "షుగర్ ఫ్రీ అని రాసి ఉన్నదేమైనా తిందా అండీ?" చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి, మనం ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్‌లోనే పెట్టి చూశారు. 38 మాత్రమే ఉంది, షుగర్ బాగా పడిపోయింది. వెంటనే గ్లూకోజ్ ఎక్కించడం మొదలుపెట్టారు.

అక్కడినుంచే అమ్మిన ఆవిడకి ఫోన్ చేశాను. "అన్నీ నేచురల్ అండీ. మా మావయ్యగారికి షుగర్, ఆయన తినే పీనట్ బటరే వేశాను" అన్నారు. సీసా ఫొటో పంపమంటే పంపారు. పెద్దది చేసి చూస్తే వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో వేరుశనగలు, ఉప్పు, స్వీటెనర్ 967 అని ఉంది. ఆ 967 అంటే జైలిటాల్.

మనుషులకి దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే తీపి వస్తువుల్లో, చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో వాడతారు. కుక్క ఒంట్లోకి వెళ్తే మాత్రం అది పంచదారే అనుకుని క్లోమం ఒక్కసారిగా ఇన్సులిన్ వదిలేస్తుంది. దాంతో రక్తంలో ఉన్న అసలు షుగర్ పడిపోతుంది. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు షుగర్ పడిపోవడానికి. అంటే చిన్నిలాంటి కుక్కకి అర గ్రాము పైచిలుకు. కిలోకి అర గ్రాము దాటితే లివర్ కూడా దెబ్బతినొచ్చు, అది ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. అందుకే చిన్నికి తర్వాత కూడా లివర్ పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు కోలుకుంది, అన్నం తింటోంది.

ఆవిడకి తెలియక జరిగిందనే మొదట అనుకున్నాను. డాక్టరుగారు చెప్పినదంతా వివరంగా మెసేజ్ పెట్టాను. "మనుషులు తినేదే కదండీ, మీ కుక్కకే పడలేదేమో" అని జవాబిచ్చి నన్ను బ్లాక్ చేశారు. మా చుట్టాలమ్మాయి ఫోన్‌లో చూస్తే అవే బిస్కెట్లు మళ్లీ స్టేటస్‌లో ఉన్నాయి. తెలిశాక కూడా అమ్మడం నేను క్షమించలేను. అందుకే ఈ పోస్టు.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లందరూ ఇలాంటివాళ్లని అనను. కానీ కొనేముందు ఏమేం వేశారో పూర్తిగా రాసివ్వమనండి. వేసిన సీసాలు, ప్యాకెట్ల వెనక వైపు ఫొటో అడగండి. విసుక్కుంటే కొనకండి. కుక్కల కోసం చేసే పుట్టినరోజు కేకుల్లో చాక్లెట్, ఎండుద్రాక్ష కూడా పెడుతున్నారు, ఆ రెండూ కుక్కలకి విషమే. మన వైపు ఎండుచేపల పొడి వేసినవి కూడా వస్తున్నాయి, ఉప్పు చేప అయితే అంత ఉప్పు దానికి మంచిది కాదు. ఇక మన గోదారి గాలిలో తేమకి ప్రిజర్వేటివ్ లేని బిస్కెట్లు తొందరగా బూజు పడతాయి. బూజు గీకేసి పెట్టకండి, మొత్తం పారేయండి.

మేమైతే ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నాం. ఉడికించి మెదిపిన చిలగడదుంప లేదా గుమ్మడికాయ, ఒక గుడ్డు, ముద్దయ్యేంత గోధుమపిండి. ఉప్పు, పంచదార, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వేయం. పల్చగా ఒత్తి, ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర గట్టిపడేదాకా ఉంచితే చాలు. వేరుశనగ రుచి కావాలంటే బూజు లేని గుండ్లు ఏరి, వేయించి, పొట్టు తీసి మిక్సీలో వేస్తే వాటి నూనెకి అవే ముద్దవుతాయి. సీసా కొనక్కర్లేదు.

ఒకవేళ మీ కుక్క అలాంటిది తినేస్తే లక్షణాలు కనిపించేదాకా చూస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. కక్కించడానికి ఉప్పునీళ్లు పోయడం మన ఊళ్లలో అలవాటు, అది ఇంకా ప్రమాదం. తూలిపోతుంటే కొంచెం తేనె గానీ పంచదార పాకం గానీ చిగుళ్లకి రాస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. ఫిట్స్ వస్తున్నప్పుడు మాత్రం నోట్లో ఏమీ పోయకండి, వేలు పెట్టకండి. తిన్న వస్తువు ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి.

ఆ బిస్కెట్లు మిగిలుంటే వృథా ఎందుకని వీధికుక్కలకి వేయొద్దు. పొట్లం కట్టి, కుక్కలకి అందకుండా మూత ఉన్న చెత్తడబ్బాలో పడేయండి.