క్యారవాన్‌లో రాజమండ్రి: మే నెలలో ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

కోనసీమలో మాలాంటి వాళ్లకు రాజమండ్రి అంటే పెద్ద డాక్టరు, తాడితోటలో పెళ్లి బట్టలు, రైలు. పని చూసుకుని చీకటి పడకముందే గోదారి దాటి వచ్చేస్తాం. సరదాకి అక్కడ రాత్రి ఉండి ఊరు చూసొచ్చినవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. ఈ వేసవి సెలవుల్లో క్యారవాన్ అద్దెకు తీసుకుందామనుకున్నప్పుడు మా బావమరిది అరకు అన్నాడు. ఘాట్ రోడ్డులో అంత బండి అనేసరికి మా ఆవిడకి టెన్షన్. అలా డెల్టాకి ఉత్తరపు కొసన ఉన్న రాజమండ్రి ఖాయమైంది. మాతోపాటు అత్తయ్య కూడా బయల్దేరారు.

ముందు బండి సంగతి. టెంపో ట్రావెలర్‌ని మార్చి కట్టింది, డ్రైవర్‌తో సహా అద్దె. మంచాలు, చిన్న పొయ్యి, ఫ్రిజ్, మనిషి పక్కకి తిరగలేని బాత్రూము. ఇంజన్ ఆపాక ఏసీ నడవాలంటే బయటి కరెంటు తగిలించాలి, లేదంటే జనరేటర్ వేయాలి. రాత్రంతా జనరేటర్ మోగిస్తే చుట్టుపక్కల వాళ్లు ఊరుకోరు. అందుకని మే నెలలో ఇలాంటి బండితో తిరిగేవాళ్లు గుడి, గోపురం కంటే ముందు వెతుక్కోవాల్సింది ప్లగ్గు.

రావులపాలెంలో హైవే ఎక్కితే జొన్నాడ మీదుగా త్వరగా వెళ్లిపోవచ్చు. మేం లొల్ల, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా కాలవగట్టు దారి పట్టాం. నీడ బాగుంటుంది కానీ కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. పైనున్న ఏసీ డబ్బాకి గీతలు పడతాయని డ్రైవర్ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. లొల్ల లాకుల కోసమే అయితే మేలో రావద్దు. కాలవలు కట్టేసి ఉంటాయి. సినిమాల్లో చూసిన నీళ్ల హోరు ఉండదు, అడుగున బురదే. ఆత్రేయపురంలో మాత్రం ఆగాల్సిందే. కుండ మీద రేకు తీస్తున్న ఇంటి దగ్గరే కొనండి. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవే పూతరేకులు. చాక్లెట్ వేసినవి మా పిల్లలు కూడా సగంలో వదిలేశారు.

ఈ దారిలో వెళ్లినందుకు అసలు లాభం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దక్కింది. బొబ్బర్లంక వైపు నుంచి వెళ్తుంటే ఎడమచేతి పక్కన కనుచూపు మేరా నీళ్లు, కుడిచేతి పక్కన ఇసుక మేటలు. మండుటెండల్లోనూ రాజమండ్రి ఘాట్లలో మునగడానికి నీళ్లుంటున్నాయంటే, దిగువన ఈ గోడ వాటిని ఆపబట్టే. గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలేదీ ఇక్కడే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట పాతబడ్డాక, దాని బదులు కట్టిన ఈ బ్యారేజీ 1982కి పూర్తయింది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట నమూనాలు, ఆనాటి పనిముట్లు పిల్లలకి బాగా నచ్చాయి. మే 15 కాటన్ పుట్టినరోజు కాబట్టి ఆ రోజుల్లో వెళ్తే డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహాలకి కొత్త దండలు కనిపిస్తాయి. అత్తయ్య మ్యూజియం గుమ్మంలో చెప్పులు విప్పబోయారు.

బస దగ్గర చుక్కలు కనిపించాయి. గోదావరి గట్టుకు దగ్గరలో ఒక లాడ్జికి ముందే ఫోన్ చేసి, బండి ఎత్తు కూడా చెప్పి అడిగాం. "ఆయ్, పార్కింగుందండీ, బస్సు కూడా పడతాదండీ" అన్నారు. తీరా వెళ్తే గేటు మీద కాంక్రీటు కమాను. దాని కింద కారు దూరడమే గొప్ప. రోడ్డు మీదే పెట్టుకోమన్నారు. ఆ సందులో అరగంట ఉన్నామో లేదో వెనక ఆటోల హారన్లు. అడ్వాన్సు మాత్రం తిరిగివ్వలేదు. ఊళ్లో ఎక్కడ దిగినా ఫోన్‌లో మాటను నమ్మకుండా గేటు ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

చివరికి మోరంపూడి దాటాక హైవే పక్కన ఒక హోటల్ వాళ్లు ఒప్పుకున్నారు. ఒక గది తీసుకుంటే వెనక ఖాళీలో బండి పెట్టుకోవచ్చు, ప్లగ్గిస్తారు, మురుగు ట్యాంకు వాళ్ల సెప్టిక్‌లో ఖాళీ చేసుకోనిస్తారు. అత్తయ్య, పిల్లలు గదిలో, మేం బండిలో. లారీల మోత తప్పదు. గది సుమారు, మనుషులు మంచివాళ్లు. వాడుక నీళ్లు డీజిల్ పోయించుకున్న బంకులోనే అడిగి పట్టుకున్నాం, తాగడానికి వాటర్ ప్లాంటు టిన్నులు. ఊళ్లోకి మాత్రం బండి తీసుకెళ్లకండి. నల్లమందు సందు, మెయిన్ రోడ్డు, కోటగుమ్మం అన్నీ ఆటోలో తిరగాల్సిన చోట్లే.

వేసవిలో ఈ ఊరిని రెండు పూటలుగా చూడాలి. తెల్లవారుజామున పుష్కర ఘాట్. స్నానం, మార్కండేయస్వామి దర్శనం ఎనిమిదిలోపు అయిపోవాలి. ఆ తర్వాత మెట్ల మీద కాలు పెట్టలేం. ఘాట్ నుంచి చూస్తే 1897లో కట్టడం మొదలుపెట్టి 1900లో రైళ్లకి తెరిచిన హేవలాక్ వంతెన, దాని పక్కనే ఆర్చి వంతెన. పాతదాని మీద 1997లో రైళ్లు ఆపేశారు. కొత్తదాని మీద రైలు వెళ్లిన ప్రతిసారీ మా చిన్నాడు పెట్టెలు లెక్కపెట్టేవాడు. సాయంత్రం హారతి బాగుంది కానీ మైకు మోత ఎక్కువ. కాస్త దూరంగా, పై మెట్ల మీద కూర్చోవడమే మంచిది.

మిట్టమధ్యాహ్నం నీడలో ఉండాలి కాబట్టి మ్యూజియాలకి వెళ్లాం. అన్నిటికంటే నాకు నచ్చింది దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో పుట్టి 1925లో పోయాడు. బతికింది ముప్పై ఏళ్లు కూడా లేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చేతిని గుర్తించి ప్రోత్సహిస్తే, బొంబాయి వెళ్లి చదువుకుని వచ్చి, సొంత ఊళ్లోనే చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లు నిలబడే తీరు, చీర కుచ్చిళ్లు అచ్చం మన గోదారి మనుషులవే. మేం ఉన్నంతసేపూ వేరే మనిషి రాలేదు. ఇలాంటి గొప్ప చోటికి ఊరు మొత్తం మీద దారి చూపించే బోర్డు ఒకటైనా నా కళ్లబడలేదు. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లూ చూశాం. 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే అని చెబితే అత్తయ్య చాలాసేపు ఆ ఫోటోల దగ్గరే నిలబడ్డారు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో శిల్పాలు, నాణేలు ఓపికున్నవాళ్లకి.

తిండికి లోటు లేదు. రోజ్‌మిల్క్ పేరుకి తగ్గట్టే ఉంది, ఎండలో రెండోది తాగకుండా ఉండలేం. ఒక హోటల్లో మెనూలో పులస కనిపించింది. మే నెలలో పులసేంటి! వరదనీరు ఎర్రగా దిగాక ఎదురెక్కి వచ్చే చేప అది. అత్తయ్య వెయిటర్‌ని పిలిచి "ఏ గోదారిదయ్యా ఇది?" అని అడిగితే నవ్వేసి లోపలికి వెళ్లిపోయాడు. పప్పు, మామిడికాయ పచ్చడితో కానిచ్చాం.

మొత్తం మీద హాయిగా పడుకున్నది ఊళ్లో కాదు, తిరుగు దారిలో కడియపులంకలో. తెలిసినవాళ్ల నర్సరీలో బండి పెట్టుకోనిచ్చారు. మొక్కలకి రోజంతా నీళ్లు కొడుతుంటారు కాబట్టి గాలి చల్లగా తగులుతుంది. బోరు నీళ్లున్నాయి, మోటారు షెడ్డులో ప్లగ్గుంది. రాజమండ్రికి ఆటోలో వెళ్లి రావడం కష్టమేమీ కాదు. మళ్లీ వెళ్తే మొదటి రాత్రి నుంచే ఇక్కడ దిగుతాను. తెలిసినవాళ్లు లేకపోతే అడిగి చూడండి, ఖాళీ జాగా ఉన్న నర్సరీలు బోలెడు. పడుకోనిచ్చినందుకు నాలుగు మొక్కలు కొంటే మర్యాదగా ఉంటుంది. మా ఆవిడ నాలుగుతో ఆగలేదు. బాత్రూము నిండా కుండీలే. బండి అప్పగించేటప్పుడు ఓనరు ఆ మట్టిని చూసి క్లీనింగ్ కింద డిపాజిట్‌లో కొంత పట్టుకున్నాడు.