ఒంటరిగా సెయిలింగ్ నేర్చుకోవాలంటే: డింగీయా, కీల్ బోటా?

పడవలో ఒక్కరే ఉన్నప్పుడు తప్పు చేస్తే ఆ సంగతి ఎంతసేపటికి తెలుస్తుంది? తేలికైన చిన్న తెరచాప పడవ డింగీకీ, అడుగున బరువైన రెక్క (కీల్) ఉన్న పెద్ద పడవ కీల్ బోటుకీ అసలు తేడా ఇదే. పొడవు, ఖర్చు, సౌకర్యం అన్నీ దీని తర్వాతే.

ఒక్కరు నడిపే డింగీల్లో బాగా వాడుకలో ఉన్నది ఐఎల్‌సీఏ, పాత పేరు లేజర్. పొడవు 4.2 మీటర్లు, బాడీ బరువు 60 కిలోల లోపు. ఒకే తెరచాప, దాన్ని బిగించే షీటు తాడు, చుక్కాని తిప్పే టిల్లర్, అంతే. మనిషి బరువు పడవ బరువుతో దాదాపు సమానం కాబట్టి కూర్చున్నచోట జానెడు జరిగినా నడక మారుతుంది. గాలి విసురుకు షీటు వదలకుండా బిగపడితే రెండు సెకన్లలో నీళ్లలో ఉంటారు. తెరచాప 4.7, 5.76, 7.06 చదరపు మీటర్ల సైజుల్లో దొరుకుతుంది. ఎంత బరువున్నవారైనా మొదటి నెల చిన్నది వాడటమే మేలు. గాలి 8-10 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.) చాలు.

బోల్తా పడ్డాక చేయాల్సినదానికి ఒక వరస ఉంది. షీటును చేతిలోంచి జారనివ్వొద్దు, వదిలితే ఈదేవారికంటే వేగంగా పడవ పోతుంది. దాని బిగువు మాత్రం పూర్తిగా సడలించాలి. పడవలోంచి పైకి ఎగబాకొద్దు, ఆ బరువుకు మాస్ట్ (తెరచాప స్తంభం) మునిగి పడవ తలకిందులవుతుంది. అమరం (పడవ వెనక భాగం) చుట్టూ ఈది అడుగువైపుకెళ్లి డాగర్‌బోర్డు (అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) మీదెక్కాలి. కొసన నిలబడితే బోర్డు విరగొచ్చు, పడవకు ఆనుకున్నచోటే నిలబడాలి. అణియం (పడవ ముందు భాగం) గాలికి ఎదురుగా తిరిగాకే లేపాలి. మాస్ట్ గాలివైపు ఉండగా లేపితే చాప కిందికి గాలి దూరి, పడవ మీదికొచ్చి రెండోవైపు పడుతుంది. ఎన్నిసార్లు లేపినా పడవ బరువుగా, మందకొడిగా ఉందంటే వెనక డ్రెయిన్ బిరడా పెట్టడం మర్చిపోయారేమో చూడండి.

కీల్ బోటు ఇలా వెంటనే శిక్షించదు. 24 అడుగుల జే/24 బరువు దాదాపు 1,400 కిలోలు, అందులో దాదాపు మూడో వంతు అడుగున కీల్‌లోనే ఉంటుంది. షీటు ఎక్కువ బిగిస్తే పడవ వాలుతుంది, టిల్లర్ బరువెక్కుతుంది. కొత్తవారు అది పడవ గుణం అనుకుని నెలల తరబడి అలాగే నడుపుతారు. పైగా పని ఎక్కువ. ట్యాక్ చేసేటప్పుడు, అంటే అణియాన్ని గాలి మీదుగా రెండోవైపుకు తిప్పేటప్పుడు, టిల్లర్ కాళ్లమధ్య, జిబ్ (ముందు చాప) షీట్లు రెండూ రెండు చేతుల్లో. అణియం గాలిని దాటుతుండగానే కొత్తవైపు షీటు లాగేయాలి. చాపలో గాలి నిండనిస్తే ఇక వించ్ (తాడు బిగించే గుండ్రటి మర) తిప్పి తిప్పి భుజం పడిపోవాల్సిందే.

లెక్కంతా రేవు దగ్గర తేలుతుంది. ముందు అణియం తాడు కట్టడం అందరూ చేసే పొరపాటు. గాలికి అమరం బయటికి తిరిగి పడవ అడ్డంగా నిలుస్తుంది. అలాకాక పడవ నడుమనున్న క్లీట్‌కు (తాడు చుట్టి కట్టే కొమ్ము) ఒక తాడు ముందే కట్టి ఉంచుకోండి. దాని ఉచ్చును కాస్త వెనకగా ఉన్న గట్టు క్లీట్‌కు వేసి, ఇంజిన్‌ను నెమ్మదిగా ముందుకు నడుపుతూ, చుక్కానిని గట్టుకు దూరంగా పోతున్నట్టు తిప్పి పెడితే పడవ గట్టుకు ఆనుకునే ఉంటుంది. మిగతా తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు.

చాప దించాలన్నా రీఫ్ చేయాలన్నా (గాలికి తగ్గట్టు చాపను మడిచి చిన్నది చేయాలన్నా) చుక్కానిని ఎవరో పట్టాలి, కాబట్టి దాన్ని తనంతట తానే పట్టే ఆటోపైలట్ కావాలి. (1895-98లో ఒంటరిగా భూగోళం చుట్టివచ్చిన జాషువా స్లోకమ్‌కు అదీ లేదు. ఆయన పడవ స్ప్రే, చక్రం కట్టేస్తే తన దారిన తాను పోయేది.) అసలు ప్రమాదం కూడా ఆ ఆటోపైలట్‌తోనే. డింగీలోంచి పడితే పడవ బోల్తాపడి దగ్గర్లోనే ఆగుతుంది. ఆటోపైలట్ మీదున్న కీల్ బోటు మాత్రం 5 నాట్స్‌తో నిశ్చింతగా వెళ్లిపోతుంది. డెక్ మీద కదిలినంతసేపూ టెథర్ (మనిషిని పడవకు కట్టే తాడు) తగిలించుకోవాలి. అణియం దగ్గర దాదాపు మీటరు పొడవుదే మంచిది. పొడవుదైతే పడవ పక్కన నీళ్లలో ఈడ్చుకుపోతుంది, పైకెక్కలేరు.

మనిషిలో వచ్చే మార్పు కూడా రెండింట్లో ఒకటి కాదు. డింగీలో భయపడే తీరికుండదు. ఇరవైసార్లు పడి లేచాక ‘పడితే ఎలా?’ అన్న ప్రశ్న దానంతటదే పోతుంది. కీల్ బోటులో భయానికి పెరగడానికి గంటలు దొరుకుతాయి. నల్లటి మబ్బు అరగంట ముందే కనిపిస్తుంది. అక్కడ పనికొచ్చేది తెగువ కాదు. చినుకు పడకముందే రీఫ్ చేయడం, ఆకలి వేయకముందే తినడం, ‘ఇవాళ్టికి వద్దు’ అనుకుని వెనక్కి తిప్పడం. నేర్చుకోవడానికి ఇదే కష్టం, ఎందుకంటే అలా ఆగిపోయినందుకు మెచ్చుకునేవారు పక్కన ఉండరు.

అందుకే ముందు డింగీ అనే నా మొగ్గు. గాలికెదురుగా చిక్కుకుపోతే బూమ్‌నూ (చాప అడుగు అంచున ఉండే అడ్డకర్ర) టిల్లర్‌నూ మీకు దూరంగా తోసి, పడవ వెనక్కి నడుస్తూ తిరిగాక రెండూ లాక్కోవడం చేతికి రావాలి. తేలే డబ్బా పక్కన, చేయి చాపితే అందేంత దూరంలో పడవ ఆపగలగాలి. అప్పుడు కీల్ బోటుకు మారొచ్చు. నీటికి భయపడేవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, బాగా చల్లటి నీళ్లున్నచోట నేర్చుకునేవారు నేరుగా కీల్ బోటుతోనే మొదలుపెట్టినా తప్పులేదు, షీటు మాత్రం చేత్తోనే పట్టుకోండి. మొదట్లో తెలిసినవారిని చేతులు కట్టుకుని కూర్చోమని వెంట తీసుకెళ్లి, రేవు చేరడం పదిసార్లు చేయండి. అందులో మూడుసార్లు అంతా సరిగ్గా ఉన్నా కావాలనే ఆపి వెనక్కి తిప్పండి. గాలి మారినరోజు చేతికి అలవాటుండాల్సింది ఆ మలుపే.