డైనమైటా, స్ప్రింగ్ డేనా?

నెలకు రెండుసార్లయినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. అడిగేవారు మారతారు గాని అడిగే తీరు మారదు. "మా అమ్మాయి పొద్దస్తమానం బీటీఎస్ జపం చేస్తోంది. ఒక్క పాట చెప్పండి, వింటాను." కాస్త తెలిసినవారైతే ఆ ఏడుగురు కుర్రాళ్ల దక్షిణ కొరియా బృందం పాటల పేర్లు పెట్టే అడుగుతారు: డైనమైట్‌తో మొదలుపెట్టాలా, స్ప్రింగ్ డేతోనా? రెండూ వినండని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. పోయిన వారం మా అమ్మే అడిగింది. ఆవిడ ఓపిక ఒక్క పాటకే. ఇక తేల్చక తప్పలేదు.

లెక్కలు చూసి తీర్పు చెప్పేవారికి ఇక్కడ పనే లేదు. 2020 ఆగస్టు 21న విడుదలైన డైనమైట్‌ను మొదటి 24 గంటల్లోనే యూట్యూబ్‌లో 10 కోట్లకు పైగా చూశారు. అమెరికాలో ఏ పాట ముందుందో వారం వారం చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 సెప్టెంబరు 5 నాటి జాబితాలో అది నేరుగా మొదటి స్థానంలోనే దిగింది. అంతకుముందు దక్షిణ కొరియా బృందమేదీ ఆ చోటికి చేరలేదు. మొత్తం మూడు వారాలు అగ్రస్థానంలో, 32 వారాలు జాబితాలో ఉంది. గ్రామీ నామినేషన్ వచ్చింది. ఈ ఒక్క పాట వల్ల దేశానికి 1.7 లక్షల కోట్ల వోన్ల మేలు జరుగుతుందని కొరియా సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అంచనా కట్టింది. 2017 ఫిబ్రవరి 13న వచ్చిన స్ప్రింగ్ డే సంగతంటారా, హాట్ 100 గడప కూడా తొక్కలేదు.

అయితే ఆ గడప దగ్గర కాపలా ఎవరిదో కూడా చూడాలి. హాట్ 100 లెక్కలోకి అమ్మకాలు, స్ట్రీమింగ్, రేడియో ప్రసారాలు మూడూ వస్తాయి. మొదటి రెండూ అభిమానుల చేతిలో పని. రాత్రింబవళ్లు కూర్చుని పాట కొంటారు, వింటారు. రేడియో మాత్రం స్టేషన్ల ఇష్టం. 2020 ఫిబ్రవరిలో ఇదే బృందం ఎక్కువ భాగం కొరియన్‌లో పాడిన 'ఆన్' మొదటి వారం 4వ స్థానంలో నిలిచి, రెండో వారానికి 68కి జారిపోయింది. రేడియో దాన్ని పట్టించుకోలేదు. ఆరు నెలల తర్వాత వచ్చిన డైనమైట్ మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లిషు. పాడినవారు అదే ఏడుగురు, విన్నవారు అదే అభిమానులు. అమెరికా రేడియో తలుపులు మాత్రం ఈసారి తెరుచుకున్నాయి.

ఇది డైనమైట్ మీద నింద కాదు. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఏప్రిల్‌లో సియోల్‌లో జరగాల్సిన కచేరీలు రద్దయ్యాయి, ప్రపంచ పర్యటన అటకెక్కింది. ఇంట్లో కూర్చున్న జనానికి కాస్త హుషారు పంచుదామని చేసిన పాట అది. డేవిడ్ స్టీవర్ట్, జెస్సికా అగోంబర్ రాశారు. ఏడుగురిలో ఒక్కరి మాట కూడా అందులో లేదు. బాణీకి ఇంగ్లిషే కుదిరిందని బృందం దాపరికం లేకుండా చెప్పింది. ఇక పాటగా చూస్తే దానికి వంక పెట్టలేను. పాత డిస్కో రోజుల బేస్ గిటారు నడక, వేళ్లు చిటికేయించే దరువు, చివరి పల్లవిలో శ్రుతి ఒక్కసారిగా పైకి లేవడం. 3 నిమిషాల 19 సెకన్లలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. గిన్నెలు తోమేటప్పుడు నేనూ అదే పెట్టుకుంటాను.

నాకు తేడా తెలిసేది భాష దగ్గర.

స్ప్రింగ్ డే కొరియన్ పేరు బొమ్ నాల్. బొమ్ అంటే వసంతం, నాల్ అంటే రోజు. (నాల్ అనగానే మన 'నాడు' గుర్తొస్తే తప్పు లేదు. అంతమాత్రాన కొరియన్‌కూ మనకూ చుట్టరికం కలిపేవారి జోలికి నేను పోను.) పాట రెండు మాటలతో మొదలవుతుంది: బోగో షిప్తా. ఇంగ్లిషు అనువాదాలన్నీ దాన్ని 'మిస్ అవుతున్నాను' అని రాస్తాయి. ఉన్న మాట అది కాదు. 'బో' అంటే చూడటం. 'గో షిప్తా' చేరితే చూడాలని ఉంది. తెలుగులో దూరాన ఉన్న మనిషికి ఉత్తరం రాసినా, ఫోను చేసినా మన నోట వచ్చే మాట సరిగ్గా అదే. తర్వాతి వాక్యాన్ని మాటకు మాటగా తెలుగులో పెడితే ఇలా వస్తుంది: ఇలా, అనేసరికి, ఇంకా, చూడాలని ఉంది. ఒక్క మాటనైనా అటూ ఇటూ జరపనక్కరలేదు. క్రియ చివరికి వచ్చి వాక్యాన్ని మూసే అలవాటు రెండు భాషలదీ. ఇంగ్లిషులో వినేవారు వెనక నుంచి ముందుకు కూడబలుక్కుని అర్థం చేసుకునేదాన్ని మనం వచ్చిన వరుసలోనే అందుకుంటాం. నన్నడిగితే తెలుగు శ్రోత స్ప్రింగ్ డేతో మొదలుపెట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కరలేదు. డైనమైట్ విన్నప్పుడు మనమూ అమెరికా వాళ్లలాగే వింటాం, కాకపోతే వాళ్లకన్నా కాస్త దూరం నుంచి.

భాష అడ్డమవుతుందన్న వాదన కూడా నాకు ఎక్కదు. 2023 మార్చి మొదట్లో బీటీఎస్ కుర్రాడు జంగ్‌కుక్ తన ప్రత్యక్ష ప్రసారంలో నాటు నాటు పెట్టుకుని ఊగిపోవడం మనందరం చూశాం. ఆ అబ్బాయికి తెలుగు వచ్చా? తర్వాత పది రోజులకే అదే పాట తెలుగులోనే ఆస్కార్ తెచ్చుకుంది.

స్ప్రింగ్ డేను కొరియా ఎలా అందుకుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2014 ఏప్రిల్ 16న సెవోల్ అనే ఓడ మునిగింది. 304 మంది పోయారు. వారిలో 250 మంది అన్సాన్‌లోని దన్‌వన్ హైస్కూల్ పిల్లలు, విహారయాత్రకు బయలుదేరినవారు. ఉన్నచోటు నుంచి కదలవద్దని ఓడలో పదేపదే ప్రకటించారు. మాట విన్న పిల్లలు గదుల్లోనే ఉండిపోయారు. పాట వచ్చేనాటికి ఓడ ఇంకా సముద్రం అడుగునే ఉంది. అధ్యక్షురాలు పార్క్ గున్-హే అభిశంసన మీద న్యాయస్థానంలో విచారణ నడుస్తోంది, వీధుల్లో జనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఆమె పదవి మార్చి 10న పోయింది. ఓడ మార్చి 23న నీటిపైకి వచ్చింది.

పాట వీడియోలో ఓడ లేదు. మంచు కప్పిన చిన్న రైల్వే స్టేషన్‌లో ఏడుగురిలో ఒకడైన 'వి' పట్టాలకు చెవి ఆనించి వింటాడు. గుట్టగా పోసిన బట్టలు కనిపిస్తాయి. తిరుగుడు గుర్రాల మీద పసుపు రిబ్బన్లు ఉంటాయి. సెవోల్ పిల్లల కోసం ఎదురుచూసినవారు కట్టుకున్నదీ పసుపు రిబ్బనే. సముద్రపు ఒడ్డున దొరికిన బూట్ల జతను మరో సభ్యుడు జిమిన్ చివరికి ఒక చెట్టుకు వేలాడదీస్తాడు. ఇది ఫలానా సంఘటన గురించేనని వారెవరూ అప్పట్లో ప్రకటించలేదు. 2020లో ఒక అమెరికా పత్రిక అడిగినప్పుడు, ఒక విషాద ఘటన గురించే గాని ఎడబాటు గురించి కూడా అని బృందంలోని జిన్ ఊరుకున్నాడు. ఆ నిగ్రహమే పాటను నిలబెట్టిందని నా నమ్మకం. పేరు పెట్టి ఏడ్చి ఉంటే అది ఆ ఏడాదితో అయిపోయేది. పేరు పెట్టలేదు కనుక ఎవరికి దూరమైన మనిషి వారికి అందులో కనిపిస్తాడు.

దాని ఫలితం జాబితాల్లో మరో రకంగా తేలింది. కొరియాలో జనం పాటలు వినే స్ట్రీమింగ్ సేవ మెలాన్ ఆ ఏడాది చివర్లో ఇచ్చిన అవార్డుల్లో ఉత్తమ గీతం అదే. పాటలు వారానికొకటి పుట్టి గిట్టే మెలాన్ జాబితాలో స్ప్రింగ్ డే నాలుగేళ్ల తర్వాత కూడా కదలకుండా ఉంది. గాంగ్‌నుంగ్ దగ్గర జుమున్‌జిన్ తీరంలో ఈ పాట ఉన్న ఆల్బమ్ ముఖచిత్రం కోసం పెట్టిన బస్టాపును ఫొటో దిగాక తీసేశారు. తర్వాత జనం అడగగా అడగగా మళ్లీ కట్టారు. బస్సు రాని ఆ బస్టాపులో ఇప్పటికీ వరుస కట్టి ఫొటోలు దిగుతున్నారు.

మిగతా పాటల గురించి అడుగుతారని తెలుసు. 2021లో వచ్చిన బటర్ పది వారాలు అగ్రస్థానంలో ఉంది. వినడానికి నున్నగా ఉంటుంది, అంతే. పర్మిషన్ టు డాన్స్ పిల్లల పుట్టినరోజుకు బాగుంటుంది. లైఫ్ గోస్ ఆన్ మంచి పాట. ఎక్కువ భాగం కొరియన్‌లో ఉండి హాట్ 100 తలమీదికి ఎక్కిన మొదటిది. స్ప్రింగ్ డే నచ్చినవారు రెండోదిగా దాన్ని వినవచ్చు.

ఇంగ్లిషు పాటల ఖరీదు ఎంతో బృంద నాయకుడు ఆర్ఎం స్వయంగా చెప్పాడు. 2022 జూన్‌లో ఏడుగురూ భోజనానికి కూర్చుని మాట్లాడుకున్న వీడియోలో, డైనమైట్ దాకా బృందం తన చేతిలోనే ఉన్నట్టు అనిపించిందని, బటర్, పర్మిషన్ టు డాన్స్ వచ్చాక తామెలాంటి బృందమో తనకే తెలియడం మానేసిందని అన్నాడు. డైనమైట్‌ను అతను గీతకు ఇవతలే పెట్టాడు. ఆ గీత వైపు దారి డైనమైట్‌తోనే మొదలైందని నేనంటాను.

ఇంతకీ మా అమ్మకు స్ప్రింగ్ డే పెట్టాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఒక కన్ను ఫోను మీద వేసి చూసింది. "ఏమంటున్నాడు?" అంది. చూడాలని ఉందంటున్నాడన్నాను. "ఎవర్ని?" స్నేహితుణ్ణి అన్నాను. తెరమీద మంచు కురుస్తోంది. "ఈ చలి పోతే వస్తాడులే" అంది. పాటలో ఉన్నదీ అదేనని చెబితే నమ్మలేదు. చివర్లో చెట్టుకు కట్టిన బూట్లు ఎవరివని అడిగింది. ఓడ సంగతి అప్పుడు చెప్పాను. కాసేపు చిక్కుళ్లు ముట్టుకోలేదు.

మర్నాడు డైనమైట్ పెట్టాను. బాగుందంది. కాలు కూడా ఊపింది. ఏమంటున్నాడని మాత్రం అడగలేదు.