ఫ్రంట్‌పేజా, స్టూడియో ఎంఎక్సా: ఏది మేలు?

2002 నాటికి వెబ్‌సైట్ తయారు చేయాలనుకునే చాలామందికి ఎదురైన ప్రశ్న ఇది. మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ కొనాలా, మాక్రోమీడియా స్టూడియో ఎంఎక్స్ కొనాలా? ఫ్రంట్‌పేజ్ ఒక్కటే సాఫ్ట్‌వేర్; స్టూడియో మాత్రం పేజీలకు డ్రీమ్‌వీవర్, బొమ్మలకు ఫైర్‌వర్క్స్, యానిమేషన్‌కు ఫ్లాష్ లాంటివి కలిపి అమ్మిన కట్ట. నా ఓటు అప్పుడూ ఇప్పుడూ స్టూడియోకే, ఒక్క చోట తప్ప.

ఫ్రంట్‌పేజ్ నిజానికి మైక్రోసాఫ్ట్‌లో పుట్టలేదు. అమెరికాలో వెర్మీర్ టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీ 1995లో దాన్ని తెచ్చింది. 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీనే కొనేసింది. పాత సర్వర్లలో 'వీటీఐ' అని కనిపించే ఫోల్డర్ల పేరు వెర్మీర్ గుర్తుగా మిగిలిందే. వర్డ్ వచ్చినవాళ్లకు ఫ్రంట్‌పేజ్ వచ్చేసినట్టే. టేబుల్ గీసి, ఫొటో పెట్టి, రంగు వేస్తే సాయంత్రానికి పేజీ రెడీ. ధర కూడా 200 డాలర్ల లోపే. కోడ్ పేరెత్తితేనే టెన్షన్ పడేవాళ్లను వెబ్‌లోకి తెచ్చింది అదే, ఆ మేలు చిన్నది కాదు.

చిక్కంతా తర్వాత వచ్చేది. పేజీని ఎంతమంది చూశారో లెక్కపెట్టే హిట్ కౌంటరో, ఫీడ్‌బ్యాక్ ఫారమో పెడితే, మన సైట్‌ను ఉంచే హోస్టింగ్ సర్వర్లో ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు ప్రోగ్రామ్‌లు ఉంటేనే పనిచేసేవి. తొలి వెర్షన్లు మనం చేత్తో సర్దుకున్న కోడ్‌ను సేవ్ చేసేటప్పుడు తమకు నచ్చినట్టు మార్చేసేవి. 2000 వెర్షన్‌లో అది చాలావరకు బాగుపడింది గానీ, పడిన చెడ్డపేరు పోలేదు.

1997 డిసెంబర్‌లో వచ్చిన డ్రీమ్‌వీవర్ గెలిచింది సరిగ్గా అక్కడే: మన కోడ్ జోలికి రాదు. నాలుగో వెర్షన్ నుంచి స్ప్లిట్ వ్యూలో పైన కోడ్, కింద డిజైన్ కనిపించేవి. కింద ఒక పదం సెలెక్ట్ చేస్తే పైన అదే పదం వెలిగేది. బోల్డ్ నొక్కితే దానికి రెండు పక్కలా ట్యాగ్, అంటే బ్రౌజర్‌కు సూచన ఇచ్చే గుర్తు, వచ్చి కూర్చునేది. పాఠం చెప్పకుండానే వెబ్ పేజీల కోడ్ భాష హెచ్‌టీఎంఎల్ నేర్పేసింది! ఫైర్‌వర్క్స్‌లో ముక్కలు కోసిన బొమ్మ నేరుగా డ్రీమ్‌వీవర్ పేజీలోకి వచ్చేది. ఈ పొందిక కోసమే స్టూడియోకు 799 డాలర్లు పెట్టినా తప్పు లేదనిపించేది.

2005 డిసెంబర్‌లో మాక్రోమీడియా అడోబీ చేతికి వెళ్లింది. ఫ్రంట్‌పేజ్ 2003 వెర్షన్‌తోనే ఆగిపోయింది.

నా ఓటు దక్కని ఆ ఒక్క చోటు ఫ్లాష్. స్టూడియోలో అందరూ మోజుపడింది దానిమీదే. 2020 డిసెంబర్ 31తో దానికి అడోబీ సపోర్ట్ ఆపేసింది. మెనూ మొత్తం ఫ్లాష్‌లో కట్టిన సైట్లు తెరిస్తే ఇప్పుడు ఖాళీ గడే కనిపిస్తుంది. అదే ఫ్రంట్‌పేజ్‌లో చేసిన పాత పేజీలో కౌంటర్ చచ్చిపోయినా, రాసిన మాటలు నేటికీ చదువుకోవచ్చు.