సీజనల్ హాస్టలా, కస్తూర్బా విద్యాలయమా?

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడాది ఇళ్లకు వరుసగా తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు బయలుదేరే బండిలో బియ్యం మూటలు, వంట గిన్నెల మధ్య పిల్లలూ ఒదిగి కూర్చుంటారు. పుస్తకాల సంచీ ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ పిల్లల చదువు ఆగకుండా చూడడానికి రెండు దారులున్నాయి.

సీజనల్ హాస్టల్‌తో పిల్లలు సొంత ఊరి బడిలోనే కొనసాగుతారు. అమ్మానాన్నలు తిరిగి వచ్చేదాకా తిండి, పడక అక్కడే. మగపిల్లలకూ చోటుంటుంది. చిన్న తరగతుల వాళ్లకు ఇదే నయం. కానీ వలస మొదలయ్యాక తెరిస్తే ఏం లాభం?

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆడపిల్లలకే, అదీ ఆరో తరగతి నుంచి. మొదట ఎనిమిది వరకే ఉండేవి. 2018లో కేంద్ర ప్రభుత్వ బడి చదువుల పథకం సమగ్ర శిక్ష వచ్చాక ఇంటర్ దాకా పెంచే వీలు కలిగింది. విద్యా సంవత్సరమంతా అక్కడే ఉంటారు కనుక ఇంట్లోవాళ్లు ఎప్పుడు ఊరు వదిలినా చదువు ఆగదు. పన్నెండేళ్ల పిల్లను పత్తి చేను నుంచీ, తొందరపడి చేసే పెళ్లి నుంచీ కాపాడేది ఇదేనని నా గట్టి నమ్మకం.

అయిదో తరగతి పూర్తయిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే కస్తూర్బాకే దరఖాస్తు పెట్టించండి. ఆమె తమ్ముడి కోసం మాత్రం మొదటి బండి కదలకముందే ఊళ్లో హాస్టల్ తెరవాలి.