చలిసీమ ఇంజనీరింగ్ మాస్టర్స్: ఫెయిర్‌బ్యాంక్స్ మేలా, నార్డిక్ దేశాలు మేలా?

గడ్డకట్టే చలిలో కట్టడాలు ఎలా నిలబెట్టాలో నేర్పే ఈ చదువు ఎక్కడ చదవాలని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: మీ మనసు గడ్డకట్టిన నేల మీద ఉందా, గడ్డకట్టిన సముద్రం మీద ఉందా? ర్యాంకుల సంగతి తర్వాత.

నేల అయితే అమెరికాలోని అలాస్కా విశ్వవిద్యాలయం ఫెయిర్‌బ్యాంక్స్‌కే నా ఓటు. సివిల్ ఇంజనీరింగ్‌లో ఎం.ఎస్. చేస్తూ పెర్మాఫ్రాస్ట్ మీద పరిశోధన చేయొచ్చు. కనీసం వరుసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేలే పెర్మాఫ్రాస్ట్. ఫెయిర్‌బ్యాంక్స్‌లో అది ఒకచోట ఉంటుంది, పక్క స్థలంలో ఉండదు. ఇంటి వేడికి అడుగున మంచు కరిగితే ఒక మూల కుంగుతుంది, ఇంకో మూల కదలదు. రోడ్లదీ అదే అవస్థ. అంటే పాఠంలోని సమస్య క్లాసు దాటి బయటికి రాగానే కనిపిస్తుంది.

ఊరికి ఉత్తరాన ఫాక్స్ అనే చోట అమెరికా సైన్యం 1960లలో తవ్వించిన పరిశోధన సొరంగం ఉంది. గోడల్లో చీలల్లా దిగిన మంచు, వేల ఏళ్ల నాటి వేర్లు, ఎముకలు కనిపిస్తాయి. గోడలు కరగకుండా లోపలిని చల్లబరుస్తూ ఉండాలి. ఆ ఫాక్స్ దగ్గరే ట్రాన్స్-అలాస్కా పైప్‌లైన్‌ను దగ్గర నుంచి చూడొచ్చు. 1977లో నూనె పారడం మొదలైన ఈ 1,287 కిలోమీటర్ల గొట్టంలో సగానికి పైగా స్తంభాల మీదే సాగుతుంది. వేడి నూనె గొట్టాన్ని పెర్మాఫ్రాస్ట్‌లో పాతిపెడితే మంచు కరిగి గొట్టం కుంగిపోతుంది. చాలా స్తంభాల్లో నేల కరగకుండా ఉంచేందుకు అమ్మోనియా నింపిన సన్నని గొట్టాలున్నాయి. చలికాలంలో నేలలోని వేడికి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, గాలి చల్లదనానికి ద్రవమై కిందికి జారుతుంది. ఎండాకాలంలో పైన వెచ్చగా ఉంటుంది కనుక ఆ తిరుగుడు దానంతటదే ఆగిపోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇంత సొగసైన ఇంజనీరింగ్ నాకు తెలిసి అరుదు.

అలాస్కాలో ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సుకు ఆర్కిటిక్ ఇంజనీరింగ్ కోర్సు తప్పనిసరి. అక్కడే ఉద్యోగం చేయాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

సముద్రపు మంచు, ఓడలు, తీర కట్టడాలు కావాలంటే మాత్రం నార్డిక్ దారే. డెన్మార్క్ డీటీయూ, నార్వే ఎన్‌టీఎన్‌యూ, ఫిన్లాండ్ ఆల్టో అనే మూడు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కోల్డ్ క్లైమేట్ ఇంజనీరింగ్ మాస్టర్స్ రెండేళ్లది. వాటిలో రెండింటిలో చదవాలి. ఆల్టోలో 40 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మంచు కొలను ఉంది. ఓడ నమూనాను మంచులోంచి నడిపించి ఎంత బలం పడుతుందో అందులో కొలుస్తారు.

ఖర్చు దగ్గర లెక్క మారింది. నార్వేలో ఒకప్పుడు అందరికీ ట్యూషన్ ఉచితం. 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థులు ఫీజు కట్టాలి. అమెరికాలో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు భారం బాగా తగ్గుతుంది. అది ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టును బట్టి ఉంటుంది. కాబట్టి దరఖాస్తు కంటే ముందే ఆయనకో ఆమెకో మెయిల్ పెట్టండి.

మూడో దారి నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లోని విశ్వవిద్యాలయ కేంద్రం, యూనిస్. 1993లో మొదలైన ఈ సంస్థ సొంతంగా డిగ్రీ ఇవ్వదు. వేరేచోట చేరినవాళ్లు ఇక్కడ కోర్సులు చేసుకొని వెళ్తారు. ఎలుగుబంట్ల భయం వల్ల ఫీల్డుకు ముందు తుపాకీ శిక్షణ కూడా ఇస్తారు. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. వసంతంలో ఫ్యోర్డు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) మంచు మీద కొలతలు తీసే అవకాశం మాత్రం బంగారం. నార్డిక్ కోర్సులో చేరితే ఒక సెమిస్టర్ ఇక్కడ గడిపేలా ముందే ప్లాన్ చేసుకోండి.