మిరపలో మల్చింగ్ షీటు: పరిచేటప్పుడు సంబరం, తీసేటప్పుడు నరకం

తడి ఆరకుండా, కలుపు రాకుండా బెడ్ల మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు, అందులోనూ 25 మైక్రాన్ల మందం ఉన్నదాని మీద నా కోపమంతా ఒక్క విషయంలోనే. పంట అయిపోయినా అది నేలను వదిలిపెట్టదు.

వేసిన కొత్తలో, షీటు లేకుండా మిరప పెట్టొద్దని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ప్రత్తిపాడు వైపు మాది నల్లరేగడి. సాగర్‌కు వరద సరిగా రాని 2023లో ఒక్క బోరుతోనే తోట నిలబెట్టుకున్నాం. పక్కన షీటు వెయ్యని సాళ్ళు నెర్రెలిచ్చినా, షీటెత్తి మట్టిని గీరితే వేలికి తడి తగిలేది. కలుపు కూలి కూడా చాలావరకు తప్పింది. అదంతా ఇప్పటికీ నిజమే, కానీ అది సగం లెక్కే.

మిగతా సగం ఏప్రిల్‌లో తెలిసింది. ఆఖరి కోత అయ్యాక డ్రిప్ పైపులు చుట్టి, మోళ్ళు పీకి షీటు తీయడం మొదలుపెట్టాం. నెలల తరబడి ఎండకు ఎండిన పైభాగం పట్టుకున్న చోటల్లా అప్పడంలా విరిగింది. మట్టిలో పూడ్చిన అంచులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. లాగితే సరిగ్గా మట్టి దగ్గర తెగిపోయి, బెడ్డుకు రెండు వైపులా పట్టీలు లోపలే ఉండిపోయాయి. పారలతో తవ్వి తీయించాం. అయినా మిగిలిన ముక్కలు రోటవేటర్‌కు చుట్టుకుపోయి, డ్రైవర్ మాటిమాటికీ దిగి కొడవలితో కోసుకోవాల్సి వచ్చింది. తొలకరికి మేత జొన్న వేస్తే చేనంతా వెండిరంగు ముక్కలే. చొప్పతో పాటు గేదెల కడుపులోకి పోతాయేమోనని ఒకటే టెన్షన్.

25 మైక్రాన్ల మందం మూడు నాలుగు నెలల పంటలకు సరిపోతుందంటారు. మిరప ఆగస్టులో నాటితే మార్చి దాటేదాకా పొలంలోనే ఉంటుంది. గుంటూరులో నేను కొన్న షాపులో రోలు రేటు చెప్పారు గానీ ఈ మాట చెప్పలేదు. చవక కాబట్టి చిన్న రైతు పలచనిదే తీసుకుంటాడు. నేలలో కలిసిపోయే రకాలు ఉన్నాయి, వాటి ధర మనకు అందదు. మెట్ట రైతు కోసం చవక షీటు తయారుచేసేవాళ్ళు దాన్ని తీసే కూలిని కూడా లెక్కలో వేసుకోవాలి.

బోరే దిక్కు, పొలం సొంతం, ఇంట్లో పనికి మనుషులున్నారు కాబట్టి నేను మళ్ళీ వేశాను, ఈసారి 30 మైక్రాన్లది. కాలువ నీళ్ళు అందేవాళ్ళకు ఇంత అవసరం ఉండకపోవచ్చు. కౌలు రైతులైతే ముందు ఒక ఎకరంలో వేసి చూడండి. తీసే ముందురోజు డ్రిప్ వదిలి, నేల మెత్తబడ్డాక పొద్దున్నే లాగితే అంచులు కాస్త తేలిగ్గా వస్తున్నాయి.